ఫైర్ వాళ్ళు నీళ్ళలోకి వెంటనే ఎందుకు దూకరు?

ప్రశ్న: గడ్డకట్టిన సరస్సులో పడిపోయిన మనిషిని కాపాడే వీడియో ఒకటి చూశాను. ఫైర్ ఇంజన్ వచ్చింది, ఆరుగురు దిగారు. ఆ మనిషి ముప్ఫై మీటర్ల దూరంలో మెడ దాకా నీళ్ళలో ఉండి అరుస్తున్నాడు. వీళ్ళేమో ఒడ్డున నిలబడి సూట్లు వేసుకుంటున్నారు, తాళ్ళు తగిలించుకుంటున్నారు. మూడు నిమిషాలు అలాగే గడిచాయి. నాకైతే ఒళ్ళు మండిపోయింది. అంత ట్రైనింగ్ ఉన్నవాళ్ళు వెంటనే దూకొచ్చు కదా?

జవాబు: మొదటిసారి చూసే ఎవరికైనా మీకు వచ్చిన కోపమే వస్తుంది. అక్కడ ప్రాణం పోతుంటే ఇక్కడ జిప్పులు పెట్టుకోవడమేమిటి అనిపిస్తుంది. కానీ ఆ వీడియో ఇంకొకసారి చూడండి, ఈసారి నీళ్ళలో ఉన్న మనిషి మీద నుంచి చూపు తీసి ఒడ్డున ఉన్న ఆరుగురి మీద పెట్టండి. వాళ్ళలో ఒకరు ఆ మనిషితో గట్టిగా మాట్లాడుతూనే ఉంటారు, పేరు అడుగుతారు, నా వైపు చూడు, చేతులు ఐస్ మీద పెట్టు, కాళ్ళు ఆడించు అని చెబుతూనే ఉంటారు. ఇంకొకరు తాడు సంచి చేతిలోకి తీసుకుని దూరం అంచనా వేస్తుంటారు. ఒకరు సూట్ వేసుకుంటుంటే, అతను లోపల ఇరుక్కుంటే వెళ్ళడానికి రెండో మనిషి కూడా పక్కనే తయారవుతుంటాడు. కాపాడే పని అప్పటికే మొదలైపోయింది, ఎవరూ నీళ్ళలో లేరు కాబట్టి మనకు కనిపించదు, అంతే.

నీటి దగ్గర పని చేసే ఫైర్ సిబ్బందికి మొదట నేర్పేది ఈత కాదు, ఒక వరస. ముందు మాటతో ఒడ్డుకు రప్పించగలమా చూడాలి. కుదరకపోతే కర్రో నిచ్చెనో అందించాలి. అదీ అందకపోతే తాడు విసరాలి. ఆ తర్వాత పడవ. ఇవేవీ పని చేయవని తేలాక మాత్రమే మనిషి దిగాలి. ఈ వరసలో ఒక్కో మెట్టు దిగిన కొద్దీ కాపాడేవాడి ప్రాణానికి ముప్పు పెరుగుతుంది, అందుకే పైమెట్టుతో పని జరిగేలా ఉంటే కింది మెట్టు జోలికి వెళ్ళరు.

మంటల కోసం కుట్టిన కోటు, ప్యాంటు, బూట్లు నీళ్ళలో శత్రువులు. నీరు పీల్చుకుని బరువెక్కుతాయి, చేతులు కాళ్ళు ఆడనివ్వవు. మంటల్లో పెట్టుకునే హెల్మెట్ ఇంకా ప్రమాదం, దాని అంచు కింద ప్రవాహం పట్టుకుందంటే తలను ఎటు కావాలంటే అటు లాగేస్తుంది. అందుకే చాలా దళాల్లో ఒక నియమం ఉంది: నీటి అంచుకు సుమారు 3 మీటర్ల లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఆఫీసర్ అయినా, డ్రైవర్ అయినా. ఒడ్డు మీద కాలు జారి పడేవాళ్ళు తక్కువేమీ కాదు.

ఇక ఆ మూడు నిమిషాల సంగతి. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త చన్నీళ్ళలో పడ్డ శరీరం గురించి ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు, తన మీద తనే ప్రయోగాలు చేసుకున్నారు. ఆయన చెప్పిన లెక్క 1-10-1. మంచులాంటి నీళ్ళలో పడగానే మొదటి 1 నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగబీలుస్తూనే ఉంటాం, ఆ సమయంలో తల మునిగితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతాయి. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు కాళ్ళు పనికొస్తాయి. శరీరం లోపలి వేడి తగ్గి స్పృహ పోవడానికి 1 గంట దాకా పట్టొచ్చు. అంటే చలి అంత త్వరగా చంపదు. మొదటి నిమిషం గాభరా చంపుతుంది, పది నిమిషాల తర్వాత పట్టు తప్పడం చంపుతుంది. ఫైర్ ఇంజన్ వచ్చేసరికి ఆ మనిషి ఇంకా అరుస్తున్నాడంటే మొదటి నిమిషం దాటేశాడన్నమాట. సిబ్బంది గడియారం రెండో అంకె మీద ఉంటుంది. ఆ పదిలో ఎంత మిగిలిందన్న దాన్ని బట్టే తాడు విసరాలా, మనిషిని పంపాలా అన్నది తేలుతుంది.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం వంతెనను కొట్టుకుని ఐస్ తేలుతున్న పొటోమాక్ నదిలో పడింది. మొత్తం 78 మంది పోయారు. తోక భాగాన్ని పట్టుకుని ఉన్న కొద్దిమందికి ఒడ్డు నుంచి వెళ్ళే సాధనం ఏదీ లేకపోయింది, జనం దొరికిన కేబుళ్ళు, తాళ్ళు ముడేసి ప్రయత్నించారు. చివరికి పార్క్ పోలీసుల హెలికాప్టర్ వచ్చి తాడు దించింది. ఒక ప్రయాణికురాలికి ఆ తాడు చేతికందింది గానీ పట్టుకునే శక్తి వేళ్ళలో లేదు, జారిపోయింది. అప్పుడు ఒడ్డున ఉన్న లెన్నీ స్కట్నిక్ అనే ఉద్యోగి దూకి ఆమెను లాక్కొచ్చాడు. ఆయన చేసింది చాలా గొప్ప పని. కానీ అలా దూకి బయటికి రాని వాళ్ళు చాలామంది ఉన్నారు. కాపాడబోయి ఇంకొకరు, వాళ్ళ కోసం మరొకరు, ఇలా ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

ప్రశ్న: సరే, ఐస్ మీద ఉన్న మనిషి దగ్గరికి అసలు ఎలా వెళ్తారు? అతని బరువుకే విరిగిన ఐస్ వీళ్ళ బరువును ఎలా మోస్తుంది?

జవాబు: మోయదనే అనుకుని వెళ్తారు. ఐస్ రెస్క్యూకు వేసుకునే సూట్ కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒకే ముక్కగా, దట్టంగా, మెరిసే రంగులో ఉంటుంది. నీళ్ళు లోపలికి రావు, పైగా తేలుతుంది. కాబట్టి ఐస్ విరిగినా ఆ మనిషి మునగడు. వీపు వెనక కొక్కేనికి తాడు ఉంటుంది, ఆ తాడు రెండో చివర ఒడ్డున సహచరుల చేతిలో ఉంటుంది. ఆ చేతులు ఆ తాడును క్షణం కూడా వదలవు.

గట్టిగా ఉన్నంత మేర నడుస్తారు, అనుమానం రాగానే మోకాళ్ళ మీదికి, తర్వాత పొట్ట మీదికి దిగిపోతారు. బరువు రెండు పాదాల మీద కాకుండా ఒళ్ళంతా పరుచుకుంటుంది కదా, అదే సూత్రం. చేతుల్లో చిన్న మేకుల పిడులు ఉంటాయి, వాటిని ఐస్‌లో గుచ్చి ముందుకు జరుగుతారు. కొన్ని దళాలు తేలే స్లెడ్, అంటే జారుడు బల్లలాంటిది, తోసుకుంటూ వెళ్తాయి. ఏమీ లేనప్పుడు నిచ్చెన పడుకోబెట్టి దాని మీద పాకుతారు. నాకు ఎప్పుడు విన్నా ముచ్చటేసేది మాత్రం ఫైర్ హోస్ పద్ధతి. మంటలు ఆర్పే ఆ గొట్టానికే రెండు వైపులా మూతలు బిగించి, మంటల్లో వీపున మోసుకెళ్ళే గాలి సిలిండర్‌తో గాలి నింపుతారు. అది గట్టిపడి పొడవాటి తెప్పలా ఐస్ మీదుగానో నీటి మీదుగానో జారుతూ వెళ్తుంది. చివర పట్టుకుంటే చాలు, ఇటు లాగేస్తారు. దాదాపు అంతా ఫైర్ ఇంజన్‌లో ఉండే వస్తువులతోనే అయిపోతుంది.

దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎదురుగా వెళ్ళరు. రెండు కారణాలు. ఎదురుగా ఉన్న ఐస్ అంచు మీదే పాపం అతను చేతులు ఆనించి బతుకుతున్నాడు, అది విరిగితే ఉన్న ఆధారం పోతుంది. రెండోది, మునిగేవాడు గడ్డిపోచను కూడా పట్టుకుంటాడంటారు, మరి ఎదురుగా మనిషి దొరికితే మెడ పట్టుకుని కిందికి నొక్కేస్తాడు. తెలిసి కాదు, ఆ సమయంలో ఒళ్ళు తన మాట వినదు. అందుకే పక్క నుంచి చుట్టు తిరిగి, నీళ్ళలోకి జారి, వెనక నుంచి అతని చంకల కింద పట్టీ వేస్తారు. ఇదంతా చేస్తూ, నేను పట్టుకున్నాను, నువ్వు ఇక మునగవు అని చెవిలో చెబుతూనే ఉంటారు. పట్టీ బిగిశాక ముందే అనుకున్న సైగ చేస్తారు, అప్పుడు ఒడ్డు వాళ్ళు మెల్లగా, కుదుపు లేకుండా లాగుతారు.

పడ్డవాళ్ళకు వీళ్ళు అరిచి చెప్పే మాటలు కూడా తెలుసుకోండి. బట్టలు విప్పొద్దు, వాటిలో చిక్కుకున్న గాలి కాసేపు తేలుస్తుంది. వచ్చిన వైపే తిరుగు, ఎందుకంటే ఆ ఐస్ ఇంతవరకు నిన్ను మోసింది. చేతులు ఐస్ మీద చాపి, ఈత కొట్టినట్టు కాళ్ళు వెనక్కి తన్నుతూ పొట్ట మీద పైకి జారు. పైకి వచ్చాక లేచి నిలబడొద్దు, దొర్లుకుంటూ రా. ఎక్కలేకపోతే తడి చేతులను ఐస్ మీద అలాగే పెట్టి కదలకుండా ఉండు. ఈ చివరి మాట విన్నప్పుడు నాకు మొదట అర్థం కాలేదు. తడి స్లీవులు ఐస్‌కు అతుక్కుని గడ్డకడతాయి, తర్వాత స్పృహ తప్పినా మనిషి కిందికి జారిపోడు. అతుక్కున్న ఆ చేతుల వల్లే బతికే అవకాశం మిగులుతుంది.

ప్రశ్న: ఐస్ ఎంత మందం ఉంటే నడవొచ్చు?

జవాబు: ఒక మనిషికి కనీసం 10 సెంటీమీటర్ల స్వచ్ఛమైన, గాజులా ఉండే కొత్త ఐస్ కావాలంటారు. తెల్లగా, బుడగలతో ఉన్నదాని బలం సుమారు సగమే. కానీ ఈ అంకెను నమ్ముకుని దిగొద్దు. అదే సరస్సులో పది అడుగుల అవతల, వాగు వచ్చి కలిసే చోట, వంతెన స్తంభాల దగ్గర, రెల్లు మొలిచిన చోట మందం ఒక్కసారిగా తగ్గిపోతుంది, పైకి మాత్రం ఒకేలా కనిపిస్తుంది.

ప్రశ్న: పారే నీళ్ళ సంగతేమిటి? నాకు ఈత బాగా వచ్చు. మోకాలి లోతు వాగులో ఏం ప్రమాదం ఉంటుందో నాకు తెలియడం లేదు.

జవాబు: మీరు అడిగిన తీరే కాస్త టెన్షన్ పెడుతోందండి, అందుకే సూటిగా చెబుతాను. నీటి వేగం రెండింతలైతే అది మీ కాళ్ళ మీద పెట్టే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఉరవడిగా పారే నీరు 15 సెంటీమీటర్లు ఉంటే చాలు, పెద్దవాళ్ళను పడగొట్టగలదు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును తేల్చి తీసుకుపోగలదు. పడ్డాక లేచి నిలబడబోతారు చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీరు తోస్తుంది, నడుం వంగి తల నీళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. మోకాలి లోతులోనే ప్రాణం పోవడమంటే ఇదే. అందుకే ఫైర్ సిబ్బంది కొట్టుకుపోతున్నప్పుడు వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ప్రవాహం పోయే దిక్కుకు చాపి, కాలి వేళ్ళు నీటి పైన కనిపించేలా పెట్టి, చేతులతో ఏటవాలుగా ఒడ్డు వైపు జరుగుతారు. ఎదురుగా పడిపోయిన చెట్టు కనిపిస్తే మాత్రం అంతా తిరగేయాలి: బోర్లా తిరిగి, తల ముందు పెట్టి దాని వైపే గట్టిగా ఈది, కొమ్మల పైకి ఎక్కేయాలి. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి మాత్రం ఆ కిందే ఇరుక్కుపోతాడు.

దళం నది దగ్గరికి రాగానే రెండు చోట్ల మనుషుల్ని పెడుతుంది. ఎగువన ఒకరు, పైనుంచి దుంగలో చెట్లో కొట్టుకొస్తుంటే అరిచి చెప్పడానికి. దిగువన తాడు సంచులతో కొందరు, పై వాళ్ళ చేయి దాటిపోయిన మనిషిని అందుకోవడానికి. ఆ సంచిలో తేలే తాడు 15 నుంచి 20 మీటర్లు ఉంటుంది. దాన్ని మనిషి తల దాటి పడేలా విసురుతారు, తాడు భుజం మీద పడుతుంది. తాడు అందినవాళ్ళు చేతికి చుట్టుకోకూడదు, గుండె దగ్గర పట్టుకుని వెల్లకిలా తిరిగితే ప్రవాహమే వాళ్ళను గట్టుకు తోస్తుంది. నదికి అడ్డంగా తాడు కట్టాల్సి వస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సూటిగా కట్టరు, ఏటవాలుగా కడతారు. సూటిగా కడితే తాడు నడుమ వంగి అదే ఉచ్చవుతుంది. దిగే మనిషికి తాడు ముడి వేసి కట్టడమన్న మాటే లేదు, ఒక్క లాగుతో ఊడిపోయే పట్టీ మాత్రమే.

అన్నిటికంటే నాకు భయం వేసేది చిన్న ఆనకట్టలు. నదికి అడ్డంగా మనిషి ఎత్తు కూడా లేని గోడ, దాని మీద నుంచి అద్దంలా జారే నీరు, చూడటానికి బాగుంటుంది. కానీ కిందపడ్డ నీరు మళ్ళీ గోడ వైపే వెనక్కి తిరుగుతుంది. అందులో పడిన మనిషిని లోపలికి లాగి, పైకి తేల్చి, మళ్ళీ గోడ దగ్గరికి తెచ్చి ముంచుతుంది, ఎంతసేపైనా. 1975లో అమెరికాలోని బింగ్‌హాంటన్ దగ్గర సస్క్వెహానా నది మీద ఇలాంటి చిన్న ఆనకట్ట వద్ద, కాపాడటానికి పడవలో వెళ్ళిన ఫైర్ సిబ్బందే ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళకు ధైర్యం లేకనా? నీరు అక్కడ ఏం చేస్తుందో అప్పటికి చాలామందికి తెలియదు. ఇవాళ నేర్పే పాఠాల్లో చాలా వరకు ఇలా ప్రాణాలు పోయాక రాసుకున్నవే.

ప్రశ్న: కుక్క ఐస్‌లో పడితే ఫైర్ వాళ్ళను పిలవొచ్చా? నవ్వుతారేమో?

జవాబు: నవ్వరు, పిలవండి. వాళ్ళు కుక్క కోసం ఎందుకు వస్తారంటే, రాకపోతే కాసేపటికి దాని యజమాని లోపలికి వెళ్తాడని వాళ్ళకు తెలుసు. కుక్క చాలాసార్లు తనంతట తానే ఎక్కి వచ్చేస్తుంది. వెనకాల వెళ్ళిన మనిషే రాలేడు.

ప్రశ్న: మనిషి మునిగిపోయి కనబడకపోతే ఎంతసేపు వెతుకుతారు? ఆశ ఎప్పుడు వదులుకుంటారు?

జవాబు: వెతకడం మొదలయ్యేది నీళ్ళలో కాదు, చూసిన సాక్షి దగ్గర. ఆఖరిసారి ఎక్కడ కనిపించారో ఆ చోటు ఒక్కటి సరిగ్గా తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే కదలని నీళ్ళలో మునిగిన శరీరం చాలావరకు ఆ చోటికి దగ్గరలోనే అడుగున ఉంటుంది. ఇద్దరు సాక్షులుంటే ఇద్దరినీ విడివిడిగా, వాళ్ళు నిలబడ్డ చోటే నిలబెట్టి చూపించమంటారు. రెండు గీతలు కలిసే చోట డైవర్లు దిగుతారు. శబ్దంతో నీటి అడుగును వెతికే సోనార్, డ్రోన్లు ఉన్నా ఈ పాత పద్ధతి పోలేదు.

సమయం విషయానికొస్తే, చన్నీళ్ళ మీద పరిశోధన చేసిన బ్రిటన్ శాస్త్రవేత్తలు మైఖేల్ టిప్టన్, ఫ్రాంక్ గోల్డెన్ 2011లో ఒక మార్గదర్శకం రాశారు. నీరు 6 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉంటే తల మునిగిన 30 నిమిషాల తర్వాత బతికే అవకాశం దాదాపు లేదు. 6 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉంటే 90 నిమిషాల దాకా ఆశ పెట్టుకోవచ్చు. మెదడు త్వరగా చల్లబడితే దానికి కావాల్సిన ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, అదీ కారణం.

1999 మే నెలలో నార్వేలో అన్నా బోగెన్‌హోల్మ్ అనే స్వీడిష్ డాక్టర్ స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో తలకిందులుగా పడి ఐస్ కింద ఇరుక్కుంది. స్నేహితులు ఆమె కాళ్ళకున్న స్కీలను పట్టుకుని వదల్లేదు. లోపల చిన్న గాలి సందు దొరికి సుమారు 40 నిమిషాలు ఊపిరి పీల్చుకుంది, ఆ తర్వాత గుండె ఆగింది. మొత్తం 80 నిమిషాలకు ఐస్ కోసి బయటికి తీశారు. శరీరం వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. ట్రోమ్సో ఆసుపత్రిలో రక్తాన్ని యంత్రంతో వేడి చేసి గుండెను కొట్టించారు. ఆమె కోలుకుని మళ్ళీ డాక్టర్‌గా పని చేసింది. అందుకే చల్లగా బిగుసుకుపోయిన మనిషిని వేడెక్కించి చూడకుండా చనిపోయాడని చెప్పరు. ప్రతి కేసూ ఇలా అవుతుందని కాదు, ఇలాంటివి చాలా అరుదు. కానీ వీళ్ళు ఆ గంటన్నర పాటు పరిగెత్తేది ఇలాంటి ఒక్కరి కోసమే.

ప్రశ్న: బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలా? చేతులు కాళ్ళు రుద్దాలా?

జవాబు: రెండూ వద్దు. పొట్ట నొక్కితే లోపలున్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన సమయం కూడా పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. మునిగిన మనిషికి ముందు కావాల్సింది గాలే.

రుద్దడం ఎందుకు వద్దంటే, బాగా చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పుతుంది. నీళ్ళలో ఉన్నంతసేపు చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి రక్తపోటును నిలబెడుతుంది. నిలువుగా పైకి లాగగానే అది ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా మాట్లాడిన మనిషి పడవలోనే కుప్పకూలిన సందర్భాలున్నాయి. అందుకే సిబ్బంది వీలైనంత వరకు పడుకున్న భంగిమలోనే తీసి, అలాగే మోస్తారు. నేను నడవగలను అన్నా నడవనివ్వరు. తడి బట్టలు కత్తిరించేసి, రుద్ది తుడవకుండా ఒంటి తడిని మెల్లగా అద్ది, దుప్పట్లు చుట్టి, ముందుగా ఛాతీ భాగానికి వెచ్చదనం ఇస్తారు. మద్యం అసలు పనికిరాదు.

ప్రశ్న: నా స్నేహితుడు నా కళ్ళముందే చెరువులో మునిగిపోయాడు. నాకు ఈత రాదు. ఫోన్ చేశాను, ఫైర్ వాళ్ళు వచ్చేదాకా అతను మునిగిన చోటును చూస్తూ అక్కడే నిలబడ్డాను. తీశారు గానీ బతకలేదు. నువ్వు దూకి ఉంటే అని ఒకరిద్దరు అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నేను తప్పు చేశానా?

జవాబు: లేదండి. మీ ఉత్తరం చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. మీరు దూకి ఉంటే ఫైర్ సిబ్బంది వచ్చేసరికి ఒడ్డున ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఎంతమంది మునిగారో, ఎక్కడ మునిగారో చెప్పేవాళ్ళే లేరు. ఇంకా మొదటి ఫోన్ కూడా వెళ్ళి ఉండేది కాదు. ఈత వచ్చిన వాళ్ళు కూడా మునిగేవాడి పట్టుకు చిక్కి పోతుంటారు, అందుకే శిక్షణ ఉన్నవాళ్ళను సైతం లైఫ్ జాకెట్, తాడు లేకుండా దిగనివ్వరు. మిమ్మల్ని తప్పుపట్టినవాళ్ళు మీరు చేయాల్సిందని చెబుతున్న పని, ఆ రోజు అక్కడికి వచ్చిన సిబ్బంది కూడా చేసి ఉండేవారు కాదు.

చాలామంది ఆ గాభరాలో అటూ ఇటూ పరిగెత్తి చోటు మర్చిపోతారు. మీరు కదలకుండా నిలబడ్డారు. అతన్ని వెతికి తీయగలిగారంటే మీ చూపు అక్కడి నుంచి తప్పిపోకపోవడం వల్లే. నిద్ర పట్టకపోవడాన్ని మాత్రం అలా వదిలేయకండి. ఇలాంటివి చూసిన తర్వాత ఫైర్ సిబ్బంది కూడా ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడుకుంటారు, అవసరమైతే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. మీరూ వెళ్ళండి, ఈ వారమే వెళ్ళండి. వెళ్ళి వచ్చాక వీలైతే నాకు మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటాను.